చూసేదెందరు.. కొనేదెందరు?
వెబ్‌సైట్‌ లెక్కలు, అమ్మకాల పద్దు ఒకే తెరపై ఉంటేనే స్పష్టత

వరంగల్‌: ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్‌ మహా ప్రదర్శనలో కొలువుదీరాయి. వరంగల్‌ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేడు కొత్తవాడ మగ్గంపై నేసిన దర్రీని దేశ విదేశాల్లోని వారికి చూపేందుకు ఓ వెబ్‌సైట్‌ చాలు. అయితే సైట్‌ను తెరిచిన వారు ఏ ఊరి వారు, వారిలో ఎందరు కొన్నారు అన్నది తెలియకపోతే ప్రకటనలకు వెచ్చించే సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే. సందర్శకుల లెక్క ఒకచోట, అమ్మకాల లెక్క మరోచోట ఉండటమే దీనికి కారణం. రెండింటినీ ఒకే తెరపైకి తెచ్చేదే డాష్‌బోర్డు. చేనేత సంఘాలు, చిరు వ్యాపారులు ఉచితంగానే దీనిని సిద్ధం చేసుకోవచ్చు.

రెండు సాధనాలు.. రెండు పనులు
సైట్‌కు వచ్చేవారిని లెక్కించేది గూగుల్‌ అనలిటిక్స్‌. దుకాణం గుమ్మంలో కూర్చుని వచ్చిపోయేవారి పద్దు రాసే గుమాస్తా వంటిది. ఆ పద్దును పట్టికలుగా, గీతలుగా యజమాని ముందుంచేది లుకర్‌ స్టూడియో. 2016లో డేటా స్టూడియోగా మొదలైన దీనికి 2022లో ఈ పేరు పెట్టారు.

అనుసంధానం ఇలా..
* అనలిటిక్స్‌ ఖాతా ఉన్న ఈమెయిల్‌తోనే లుకర్‌ స్టూడియోలోకి ప్రవేశించి కొత్త నివేదికను తెరవాలి.
* సమాచారం జోడించే చోట గూగుల్‌ అనలిటిక్స్‌ను ఎంచుకుని అనుమతి ఇవ్వాలి.
* తమ ఖాతా, సైట్‌ పేరు గుర్తించి నివేదికలో చేర్చాలి.
* సందర్శకులు ఏ మార్గంలో వచ్చారు, ఏ నగరం వారు, ఏ పేజీ చూశారు అన్న మూడు పట్టికలతో మొదలుపెడితే చాలు.
* ఆర్డర్ల వివరాలను తేదీల వారీగా గూగుల్‌ షీట్‌లో రాసుకుని, దానినీ ఇదే నివేదికకు జోడించాలి. అప్పుడే సందర్శనల పక్కన అమ్మకాలు కనిపిస్తాయి.

ఫోన్‌ ఆర్డర్లు మరిస్తే నష్టమే
అసలు చిక్కు ఇక్కడే ఉంది. సైట్‌లో దర్రీని చూసినవారు అక్కడే డబ్బు చెల్లించకుండా ఫోన్‌ చేసి బేరమాడితే ఆ అమ్మకం అనలిటిక్స్‌కు తెలియదు. ఫోన్‌ నంబరును నొక్కడాన్ని ప్రత్యేక సంఘటనగా నమోదు చేయించాలి. లేదంటే ఆర్డర్లు వస్తున్నా డాష్‌బోర్డు సున్నా చూపుతుంది. దానిని నమ్మి లాభం తెచ్చే ప్రకటనను నిలిపివేసే ప్రమాదముంది. ఆర్డరు రాసుకునేటప్పుడే ‘మా గురించి ఎక్కడ చూశారు’ అని అడిగి షీట్‌లో ఒక గడి నింపితే లెక్కకు బలం చేకూరుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
సైట్‌ తయారుచేసిన వ్యక్తి సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే, ఆయన పని మానేసిన రోజున లెక్కలూ చేజారవచ్చు. సంఘం లేదా దుకాణం ఈమెయిల్‌తోనే ఖాతా ఉండాలి. ఇతరులకు చూసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. డాష్‌బోర్డు సమాచారం కూడా ఖాతా యజమాని అనుమతితోనే అందుతుంది. ఆ అనుమతి రద్దయితే పట్టికలు ఖాళీ అవుతాయి.

పాత లెక్కలు శాశ్వతమన్న భరోసా లేదు. పాత తరం అనలిటిక్స్‌ సాధారణ ఖాతాల్లో 2023 జులై 1 నుంచి నమోదును ఆపివేసింది. 2024 జులై తర్వాత అందులోని లెక్కలూ అందుబాటులో లేకుండా పోయాయి. ముందుగా దించుకున్న వారికే అవి మిగిలాయి. అందుకే నెలకోసారి నివేదికను ప్రతి తీసి భద్రపరచుకోవాలి. నిర్ణీత రోజున నివేదిక ఈమెయిల్‌కు చేరే ఏర్పాటు లుకర్‌ స్టూడియోలో ఉంది.

ఏ పూట లెక్క ఆ పూటే తేలదు. అనలిటిక్స్‌లో సమాచారం స్థిరపడేందుకు ఒకటి, రెండు రోజులు పడుతుంది. కాబట్టి నేటి అంకెలు చూసి ఆందోళన చెందకుండా, వారం వారం పోల్చి నిర్ణయాలు తీసుకోవడం మేలు. ఏ నగరం నుంచి చూపులు ఎక్కువై కొనుగోళ్లు తక్కువగా ఉన్నాయో తేలితే, ధర, రవాణా ఖర్చు, ఫొటోల్లో లోపం ఎక్కడుందో వెతికే దారి దొరుకుతుంది.