తెలుగు సిద్ధాంతవ్యాసాల అక్షరకూర్పు – పాత డీటీపీ సాధనాల నుండి యూనికోడ్‌కు మారే నిర్ణయం: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం: నందిగామ, జగ్గయ్యపేట వంటి పట్టణాలలో తెలుగు పరిశోధన రచనలు నేటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో రూపొందడం కనిపిస్తుంది. ఆ సాధనాలను ఎప్పుడు విడిచిపెట్టాలి, ఎప్పుడు కొంతకాలం ఆగవచ్చు అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అక్షరకూర్పు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్, యూనికోడ్, సిద్ధాంతవ్యాసం, శోధ్‌గంగ.

ఉపోద్ఘాతం

కృష్ణాజిల్లా మెట్టగా వ్యవహారంలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు ప్రాకృత శాసనాలు లభించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపం, వాసిరెడ్డి వేంకటాద్రినాయుని చరిత్ర, మెట్టపొలాల వ్యవసాయ పదజాలం వంటి విషయాలతో ఇక్కడ పరిశోధకునికి పని కొదువ లేదు. ఆ పని అంతా చివరికి చేరేది డీటీపీ కేంద్రానికే. పరిశోధకుడు రాతప్రతి ఇస్తాడు, ఆపరేటర్ అక్షరాలు కూరుస్తాడు, విశ్వవిద్యాలయానికి పీడీఎఫ్ వెళుతుంది. సాధనం ఏదన్న ప్రశ్న పరిశోధకుని దాకా రాదు. దాని ఫలితం మాత్రం ఆయనదే.

పాత సాధనం స్వభావం

పేజ్‌మేకర్ 7.0 వెలువడింది 2001లో. అడోబీ సంస్థ దానిని అక్కడితో ఆపి ఇన్‌డిజైన్ వైపు మళ్లింది. అయినా పాత కంప్యూటర్లలో పేజ్‌మేకర్ నేటికీ నడుస్తూనే ఉంది. దీనిని బద్ధకమని తీసిపారేయడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి ఒకే కీబోర్డు అమరికకు అలవాటుపడిన వేళ్లతో, పేజీకి ఇంతని కూలి తీసుకొనే వ్యక్తికి కొత్త అమరిక నేర్చుకొనే నెలలన్నీ నష్టకాలమే. పైగా కాగితం మీద అచ్చు చక్కగానే వస్తుంది.

చిక్కు కాగితం మీద లేదు, ఫైలులో ఉంది. పాత అను ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలుగా ఉంటుంది. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి రూపాలను ఇంగ్లీషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన సంకేతస్థానాలలో అమర్చారు. ఫాంటు ఉన్నంతవరకు కంటికి తెలుగే కనిపిస్తుంది, ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. 1991లో తొలి సంచిక వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత విభాగం ఉంది. అందులో ‘శ్రీ’ అంటే శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. కంటికి కనిపించే ఆకారాన్ని గీసే బాధ్యత ఫాంటుది. భాషను భద్రపరిచే బాధ్యత సంకేతాలది.

పరిశోధకునికి కలిగే నష్టం

యూజీసీ నిబంధనల మేరకు సిద్ధాంతవ్యాసపు ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో చేరాలి. పాత ఫాంటుతో తయారైన పీడీఎఫ్ అక్కడ చేరుతుంది గాని, ‘వీరపురుషదత్తుడు’ అని వెతికినవారికి దానిలోని మాట చిక్కదు. 2018 నాటి యూజీసీ నిబంధనలు పది శాతం దాటిన సారూప్యతపై చర్యలు నిర్దేశించాయి. అయితే సారూప్యతను లెక్కించే సాఫ్ట్‌వేర్‌కు ఇటువంటి ఫైలులో తెలుగు పాఠమే అందదు. ఎత్తిరాసినవాడు తప్పించుకుంటాడనేది ఇందులో ఒక పార్శ్వం. ఊరూరా తిరిగి సేకరించిన పదజాలాన్ని రేపు మరొకరు తమదిగా చూపితే, మొదట సేకరించిన వారి ప్రతి ఆ తనిఖీలో సాక్ష్యంగా నిలవదనేది రెండవది. నా దృష్టిలో రెండవదే పెద్ద నష్టం.

మార్పిడిలో జాగ్రత్తలు

పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిని గుడ్డిగా నమ్మరాదు. పాత ఫాంటులోని తెలుగు, అసలైన ఇంగ్లీషు ఒకే సంకేతాలను పంచుకొన్నందువల్ల, సాదాపాఠంగా కాపీ చేసినపుడు ఏది ఏదో తెలిపే ఆనవాలు పోతుంది. అప్పుడు ఉల్లేఖనలోని ఇంగ్లీషు గ్రంథనామం కూడా తెలుగు ముక్కలుగా మారిపోతుంది. ఇంగ్లీషు భాగాలను ముందే వేరుచేసి, మార్పిడి తర్వాత మూలప్రతితో అక్షరమక్షరం సరిచూడాలి. వత్తుల వరుస, అరసున్న, బండి ‘ఱ’, ఛందోగణాల గుర్తులు ఉన్న చోట మరింత నిదానం అవసరం.

యూనికోడ్ కూడా లోపరహితం కాదు. సంకేతాల క్రమంలో ‘ళ’ వకారానికి ముందే వస్తుంది, మన వర్ణమాలలో హకారం తర్వాత వస్తుంది. అందుచేత కంప్యూటర్ సంకేతక్రమంలో పేర్చిన పదసూచిని అకారాది అనుకొని అచ్చుకు పంపకూడదు. దంత్య చ, జ రూపాలైన ‘ౘ’, ‘ౙ’లకు 2008లో గాని చోటు దొరకలేదు. మాండలికంపై పనిచేసేవారు తాము ఎన్నుకొన్న ఫాంటులో ఆ రూపాలున్నాయో లేదో మొదటే చూసుకోవాలి. ఇన్‌డిజైన్‌లోనైతే వరల్డ్‌రెడీ కంపోజర్‌ను ఎంపిక చేయకపోతే వత్తులు చెదరుతాయి.

నిర్ణయం

కొత్తగా నమోదైన పరిశోధకుడు తొలి వాక్యం నుండే యూనికోడ్‌లో, వీలైతే స్వయంగా, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో రాసుకోవాలి. ఇందులో సందేహానికి తావు లేదు. నాలుగు అధ్యాయాలు అనులో పూర్తయి, సమర్పణకు మూడు నెలలే మిగిలినవారు మాత్రం నడుమ సాధనం మార్చడం వివేకం కాదు. మౌఖిక పరీక్షకు ముందు కొత్త అచ్చుతప్పులు కొనితెచ్చుకొనే బదులు, ఉన్న సాధనంతోనే ముగించి, గ్రంథంగా ప్రచురించే వేళ నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఆ మార్పిడికీ, ప్రూఫు దిద్దడానికీ ఆపరేటర్‌కు విడిగా కూలి చెల్లించాలి. అది ఆయన ఉచితంగా చేసిపెట్టవలసిన సవరణ కాదు. అప్పటివరకు పీడీఎఫ్ ఒక్కటే ఉంటే చాలదు. పేజ్‌మేకర్ మూలఫైలును, దానిలో వాడిన ఫాంట్లను ఆపరేటర్ నుండి అడిగి తీసుకొని, ఒకే ఫోల్డరులో రెండు చోట్ల భద్రపరచుకోవాలి.