పైవాడికి నచ్చే లెక్క

మాస్కోకు ఆగ్నేయంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ర్యాజాన్ ఉంది. 1959లో ఆ ప్రాంతపు కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి అలెక్సీ లారియోనోవ్ ఒక మాటిచ్చాడు. ఏడాదికి 50 వేల టన్నుల మాంసం ప్రభుత్వానికి అప్పజెప్పే తన ప్రాంతం, ఈసారి లక్షా 50 వేల టన్నులు ఇస్తుందన్నాడు. దూడ పుట్టి, మేసి, బరువెక్కడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలిసిన రైతెవడూ ఇవ్వని మాట అది. కానీ మాస్కోలో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ చెవులు సరిగ్గా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాయి. పాలు, మాంసంలో అమెరికాను దాటేస్తామని ఆయన 1957లోనే ప్రకటించేశాడు. లారియోనోవ్ హామీని 'ప్రావ్దా' పత్రిక ఘనంగా అచ్చేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

ఆ ఏడాది ర్యాజాన్ పల్లెల్లో కబేళాకు పోవాల్సిన పశువులతో పాటు పోకూడనివీ పోయాయి. పాలిచ్చే ఆవులను కోశారు. మందను పెంచాల్సిన ఆబోతులను కోశారు. రైతుల పెరట్లోని సొంత ఆవులను, తర్వాత తిరిగిస్తామని రసీదులు రాసిచ్చి తోలుకుపోయారు. అవీ చాలకపోతే యంత్రాలకు, బడులకు, రోడ్లకు పెట్టుకున్న డబ్బు తీసి పక్క ప్రాంతాల్లో పశువులు కొన్నారు. డిసెంబరుకు లెక్క సరిపోయింది. లారియోనోవ్ 'సోషలిస్టు శ్రమవీరుడు' అయ్యాడు. మరుసటి ఏడాదికి లక్షా 80 వేల టన్నులన్నాడు. కోయడానికి మంద ఉంటే కదా! వచ్చింది 30 వేలు. 1960 సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. ఆత్మహత్య అనే చెబుతారు.

వ్యవస్థ కూలిపోతే జనం మొదట దురాశను తిడతారు. నాయకులు తినేశారు, అధికారులు మింగేశారు అంటారు. చాలాచోట్ల అది నిజమే. కానీ ర్యాజాన్‌లో సొమ్ము మింగినవాడి కోసం వెతికి లాభం లేదు. అక్కడ పనిచేసిన గుణం వేరు. పైవాడి మెప్పు పొందాలన్న ఆరాటం, కాదంటే ఏమవుతుందోనన్న భయం. ఈ రెండూ లేని మనిషి ఉండడు. దురాశ కంటే ప్రమాదకరమైనవి ఇవే. దొంగతనం చేసేవాడికి తాను చేస్తున్నది తప్పని తెలుసు. పైవాడికి నచ్చే అంకె రాసేవాడు మాత్రం విధి నిర్వహిస్తున్నాననే అనుకుంటాడు.

చైనాలో ఈ గుణానికి కోట్ల మంది బలయ్యారు. మావో 'ముందుకు మహా గెంతు' ప్రకటించిన 1958లో, ఊళ్ళలో ఉమ్మడి సాగు కమ్యూన్లు పోటీపడి దిగుబడులు ప్రకటించడం మొదలైంది. ఒకరు రెండింతలంటే పక్కవారు నాలుగింతలన్నారు. ఆ సెప్టెంబరులో గ్వాంగ్సీలోని హువాన్‌జియాంగ్ కౌంటీ ఒక 'మూ' పొలంలో, అంటే ఎకరంలో ఆరోవంతులో, 65 టన్నుల వడ్లు పండాయని చాటింది. ఎకరాకు నలభై బస్తాలు వస్తే హాయిగా ఊపిరి పీల్చుకునే గోదావరి రైతు భాషలో చెప్పాలంటే, ఎకరాకు ఐదు వేల బస్తాల పైమాటే. ఎన్నో పొలాల్లో పండిన వరిని వేళ్ళతో పెకలించి ఒకే మడిలో కుక్కి ఆ 'పంట' చూపించారు. కంకుల మీద పిల్లలు నిలబడ్డ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

అబద్ధం కాగితం మీదే ఆగిపోతే ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ పంట ఎంతని రాశారో దాన్నిబట్టే ప్రభుత్వం తన వాటా తీసుకుపోయింది. లేని వడ్లలో వాటా ఇవ్వాలంటే ఉన్న వడ్లన్నీ ఊడ్చి ఇవ్వాలి, విత్తనాలతో సహా. పల్లెల్లో జనం ఆకులు, చెట్ల బెరళ్ళు తింటున్న 1959లోనే చైనా 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు ఎగుమతి చేసింది. రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ ఆ జులైలో మావోకు ఉత్తరం రాసి ఉన్నమాట చెప్పాడు. పదవి పోయింది. ఆ తర్వాత కింద ఏ అధికారి నోరు తెరుస్తాడు? కరువులో పోయినవారు ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని వేర్వేరు అంచనాలున్నాయి.

ఇది కమ్యూనిజానికి మాత్రమే పట్టిన జబ్బు అనుకునేవారు 2010 నాటి ఆంధ్రప్రదేశ్‌ను గుర్తు చేసుకోవాలి. పేద మహిళలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలు అప్పుడు వీధివీధికీ వచ్చాయి. పొద్దున్నే ఒక ఇంటి అరుగు మీద గ్రూపు మీటింగు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పాసుపుస్తకం, కిస్తీ డబ్బు ముందు పెట్టుకునేవారు. ఒకామె దగ్గర తక్కువైతే మిగతావాళ్ళు వేసుకోవాలి. లేకపోతే వసూలుకొచ్చిన సారు లేవడు. నూటికి 97, 98 రూపాయలు తిరిగి వసూలవుతున్నాయన్న లెక్కను బ్యాంకులు, పెట్టుబడిదారులు కళ్ళకద్దుకున్నారు. ఒక పెద్ద సంస్థ ఆ ఆగస్టులో షేర్లు అమ్మి 1,600 కోట్లకు పైగా పోగేసింది.

ఆ లెక్క అబద్ధం కాదు. కిస్తీలు నిజంగానే వచ్చాయి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. సోమవారం గ్రూపు కిస్తీకి గురువారం గ్రూపులో అప్పు, అది తీర్చడానికి ఊళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గర మరో అప్పు. వీధిలో తిరిగే సారుకు ఈ సంగతి తెలుసు. కానీ ఎన్ని కొత్త అప్పులిచ్చాడు, ఎంత వసూలు చేశాడు అన్నవే అతని జీతానికి, ఉద్యోగానికి కొలతలు. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వెల్లువెత్తాక అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. నెలలు తిరక్కుండానే రాష్ట్రంలో వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. నిజంగా ఆసరా పొందిన ఆడవాళ్ళకూ ఆ అప్పు పుట్టకుండా పోయింది. అది వారి తప్పు ఎంతమాత్రం కాదు.

మరి మనిషి గుణం ఇంతేనా? చైనాలోనే, అన్‌హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే కుగ్రామం కథ వింటే అలా అనిపించదు. ఆ ఊరు మహాకరువులో మనుషుల్ని పోగొట్టుకుంది. తర్వాత కూడా ముష్టెత్తడానికి ఊళ్ళు పట్టుకు తిరిగింది. పదిమందిలో పాము చావదన్నట్టు, కమ్యూను పొలంలో ఎవరి చెయ్యీ కదిలేది కాదు. ఎంత చేసినా ఒకటే కూడు. 1978 నవంబరులో ఒక రాత్రి 18 మంది రైతులు ఒక మట్టి ఇంట్లో రహస్యంగా కూర్చుని పొలాన్ని ఇళ్ళవారీగా పంచుకున్నారు. ప్రభుత్వం వాటా ఇచ్చాక మిగిలింది ఎవరిది వారిదే. దొరికితే ఊరి పెద్దలకు జైలే. అందుకని ఇంకో మాట కూడా రాసుకున్నారు. పెద్దలు జైలుకు పోతే వారి పిల్లలను 18 ఏళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచాలి. వేలిముద్రలు వేశారు.

మరుసటి ఏడాది పంట ముందటి ఐదేళ్ళ పంటలన్నీ కలిపినా ఎక్కువే. రాష్ట్ర పార్టీ కార్యదర్శి వాన్ లీ వారిని శిక్షించకుండా కాపు కాశాడు. కొద్ది ఏళ్ళలో దేశమంతా కమ్యూన్లు రద్దయ్యాయి. నా పంట నాకు దక్కాలన్న స్వార్థం, పక్కవాడి పిల్లల్ని సాకుతానన్న నమ్మకం ఒకే కాగితం మీద ఉండటమే ఈ కథలో అబ్బురపరిచే విషయం.

పైకి పంపే లెక్కను కిందివాళ్ళ ముందే చదివితే? 1994లో రాజస్థాన్ పల్లెల్లో అరుణా రాయ్ బృందం జనసున్వాయిలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి చేసింది అదే. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. గ్రామసభలో మస్టరు (కూలీల హాజరు పట్టీ) తెరిచి పేరు, పనిచేసిన రోజులు, ముట్టిన కూలి పైకి చదువుతారు. చనిపోయినవారి పేర్లు, వలసపోయినవారి పేర్లు అక్కడే బయటపడతాయి. పక్కదారి పట్టినట్టు తేలిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొంతే, అది పెద్ద లోటు. తనిఖీకి వెళ్ళే యువతీయువకులు కూలీల కుటుంబాల నుంచి వచ్చినవారే. సొంత ఊరికి మాత్రం వారిని పంపరు. చిన్నాన్న కొడుకు రాసిన దొంగ మస్టరును నలుగురిలో నిలబడి చదవడం ఎంత కష్టమో ఆ నియమం పెట్టినవారికి తెలుసు.