గజ్జికుక్క అనే మాట వెనక

మనిషిని చులకన చేయాలంటే మనం "గజ్జికుక్క" అంటాం. హోసూరు బజారులో తమిళంలో తిడితే అదే "సొరినాయ్". రెండు భాషల్లోనూ తిట్టు తయారుగా ఉంది గానీ, మందు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. మన మెస్ వెనక ఉండే గోధుమరంగు కుక్కను ఎక్కడైనా వదిలేయించాలని సంతకాలు సేకరిస్తున్నారు కదా, సంతకం పెట్టేముందు ఇది చదవండి. మా ఇంట్లో కుక్కలున్నాయి. పశువుల ఆస్పత్రికి తిరిగి తిరిగి తెలుసుకున్న సంగతులివి.

కుక్కకు వెంట్రుకలు ఊడితే అన్నీ గజ్జి కాదు. ఎక్కడ ఊడింది, దురద ఉందా లేదా, ముందు ఈ రెండూ చూడాలి. గుండ్రటి మచ్చలైతే తామర కావచ్చు, అది మనకూ అంటుతుంది. తోక మొదట్లో, నడుము మీద ఊడితే దూకే పేల పని. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా పలచబడితే థైరాయిడ్ లోపమేమో చూస్తారు. చిన్న కూనలకు కళ్ల చుట్టూ, మూతి దగ్గర ఊడేది ఇంకో రకం పురుగు వల్ల. పాలు తాగేటప్పుడే తల్లి నుంచి వస్తుంది, మనకు అంటదు.

అసలు గజ్జి పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. చెవి అంచులు, మోచేతులు, పొట్ట మీద మొదలవుతుంది. రాత్రంతా గోకుడే. మన కుక్క వాలకం అచ్చం ఇలాగే ఉంది. డాక్టరు చర్మం గీరి మైక్రోస్కోపులో చూస్తారు. ఒక్కోసారి పురుగు దొరకదు, అంతమాత్రాన గజ్జి లేదనుకోవడానికి లేదు.

మన ఊళ్లల్లో దీనికి కాలిన ఇంజనాయిలు పూస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. చర్మం మండుతుంది, కుక్క దాన్ని నాకుతుంది, విషం లోపలికి పోతుంది. కిరసనాయిలూ అంతే. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది అందాజాగా పొడిపించడమూ ప్రమాదమే, కోలీ లాంటి జాతులకు ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు బరువును బట్టి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి. కుక్కను పట్టుకోనక్కర్లేదు, తినేదాంట్లో పెడితే చాలు. గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, మందు ప్రభావం అంతకన్నా ఎక్కువ రోజులుండాలి. వెంట్రుకలు రావడానికి ఇంకా టైము పడుతుంది.

మనకు అంటుతుందా? తాకితే దద్దుర్లు, దురద రావచ్చు. కానీ కుక్క గజ్జి పురుగు మన ఒంట్లో సంతానం పెంచుకోలేదు. కుక్కకు నయమైతే మన దురదా పోతుంది. అందాకా దాన్ని నిమరకండి.

ఇంకొక మాట. దీన్ని వదిలేసి వచ్చినా, దానితో ఒళ్లో ఒళ్లు పెట్టి పడుకునే మిగతా రెండింటికీ ఈపాటికే అంటి ఉంటుంది. మందు మూడింటికీ వేయాలి. ఫోటో చూసి డాక్టరుగారు శనివారం వస్తానన్నారు. మెస్ అక్క మూడు గుడ్లు ఉడకబెట్టి ఇస్తానంది. సంతకాల కాగితం పక్కనే మందు ఖర్చుకు ఇంకో కాగితం అంటించాను, పది రూపాయలైనా సరే రాయండి.