బీఎల్ఎస్ కార్డు

ఆసుపత్రులు, క్లినిక్‌ల నియామక ప్రకటనల్లో, గుండెపోటు మరణాల వార్తల్లో తరచూ కనిపిస్తున్న పదం బీఎల్ఎస్. పూర్తి పేరు బేసిక్ లైఫ్ సపోర్ట్. గుండె, శ్వాస ఆగిన మనిషిని పైస్థాయి వైద్యం అందేదాకా నిలబెట్టే ప్రాథమిక ప్రాణరక్షణ ఇది. ఆ శిక్షణ పూర్తిచేసి, పరీక్షలో నెగ్గినవారికి ఇచ్చే ధ్రువపత్రమే ఈ కార్డు.

శిక్షణంతా దాదాపు చేతులతోనే. పెద్దవారికైతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా నొక్కాలి. ప్రతి 30 నొక్కుళ్లకు రెండు శ్వాసలు. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం వాడకం, గొంతులో ఏదైనా అడ్డుపడితే తీయడం కూడా నేర్పుతారు. బొమ్మపై చేసి చూపిస్తేనే ఉత్తీర్ణత. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సులో పాఠం ఆన్‌లైన్‌లో విన్నా, ఈ చేతి పరీక్ష తప్పదు. కాబట్టి ‘ఇంట్లో కూర్చునే కార్డు’ అనే ప్రకటనలను అనుమానించాల్సిందే.

ఆ సంస్థ కార్డు గడువు రెండేళ్లు. సాధన లేకపోతే ఈ నైపుణ్యం నెలల్లోనే మొద్దుబారుతుంది మరి! అమెరికాలో చాలా ఆసుపత్రులు నర్సులను చేర్చుకునేటప్పుడు దీన్ని అడుగుతాయి. అక్కడికి వెళ్లే తెలుగు నర్సులకు ఇది పరిచితమే. అయితే ఇది వైద్యం చేసే లైసెన్సు కాదు.

సామాన్యుల కోసం ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ‘కోల్స్’ అనే విధానం రూపొందించింది. అందులో నోటితో శ్వాస ఇవ్వనక్కర్లేదు, ఛాతీ నొక్కితే చాలు.