పొయ్యి బూడిద – పెరటి తోట

వ్యర్థమైన శ్రమను తెలుగువారు 'బూడిదలో పోసిన పన్నీరు' అందురు. ఆ మాట పన్నీటి దుర్గతిని చెప్పుటకు పుట్టినదే గాని, బూడిద విలువను నిర్ణయించుటకు పుట్టినది కాదు. ఆ సామెతను నోట నుంచుకొన్న ఇల్లాలే, తెల్లవారగనే పొయ్యిలోని బూడిదను ఎత్తి, కొంత అంట్లు తోముటకు ఉంచుకొని, తక్కినది చిక్కుడు పాదుకును బీర తీగకును చల్లుచుండెడిది.

ఆమె చేసిన పనికి కారణము కలదు. కట్టె కాలునపుడు అందలి నత్రజని దాదాపుగా పొగతో పోవును. చెట్టు నేలనుండి గ్రహించిన ఖనిజములు మిగులును. వానిలో సున్నపు పాలు అధికము, పొటాష్ అంతకు తక్కువ, భాస్వరము స్వల్పము. 'పొటాష్' అను పేరునకు 'కుండ బూడిద' యని అర్థము. పూర్వము ఐరోపా వాసులు బూడిదనీటిని కుండలలో మరిగించి క్షారమును తీసెడివారు. 1807లో లండనులో హంఫ్రీ డేవీ ఆ జాతి క్షారమునే కరగించి, విద్యుత్తును ప్రవహింపజేసి, ఒక కొత్త లోహమును వేరుచేసి దానికి పొటాషియమని పేరిడెను. కాయ నాణ్యతకు మొక్క కోరు ధాతువులలో ఇది ముఖ్యమైనది.

అయినను అన్ని నేలలకు బూడిద హితము కాదు. అది క్షారగుణము కలది. వానలకు సున్నము కొట్టుకొనిపోయి ఆమ్లత హెచ్చిన ఎర్రనేలకు అది మేలు చేయును. నల్లరేగడి సాధారణముగా సహజముగనే క్షారనేల. అందు బూడిద పోసినచో ఇనుము, జింకు వేళ్లకు అందవు. లేత ఆకులలో ఈనెలు పచ్చగానే యుండి, నడిమి భాగము పసుపుబారును. కరివేపచెట్టు ఇట్లు పాలిపోగా, బలము చాలలేదని తలచి మరల బూడిదయే పోయువారు కలరు. అది అగ్నికి ఆజ్యము పోయుటయే.

తగిన నేలలో సైతము మితము వలయును. పది చదరపు మీటర్లకు ఏడాదికి ఒక కిలో చాలును. దానిని మట్టిలో కలపవలెను. లేత మొలకలకు తగులనీయరాదు. యూరియాతోను, అమ్మోనియం సల్ఫేటుతోను కలిపినచో నత్రజని అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. బంగాళాదుంప మడిలో వేసినచో దుంపకు గజ్జి తెగులు హెచ్చవచ్చును. రంగు వేసిన కట్టె బూడిదయు, రాతిబొగ్గు బూడిదయు కూరగాయలకు పనికిరావు.

ఇప్పుడు గ్యాసు పొయ్యిల వలన ఇండ్లలో బూడిద అరుదైనది. కట్టెల పొయ్యి గల పాఠశాలలో మాత్రము అది దొరకును. అక్కడ విద్యార్థులచే ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. బూడిదను నీట కలిపి వడగట్టి, ఎర్ర లిట్మస్ కాగితమును ముంచినచో అది నీలమగును. పిదప తోటమట్టిని శుభ్రమైన నీటితో తడిపి అట్లే చూడవలెను. మట్టియు ఎర్ర కాగితమును నీలము చేసినచో ఆ తోటకు బూడిద వలదు. నీలి కాగితమును ఎర్రగా మార్చినచో పిడికెడు బూడిద చల్లవచ్చును. పొయ్యి ఇచ్చునది ఎంతయైనను, వలయునో వలదో చెప్పవలసినది నేలయే.