తీగ తెగిన సంగతి ఎవరు చెబుతారు?

1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు ఎదుట క్రిస్మస్ వేడుకకు వేలాదిమంది చేరారు. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ తయారుచేసిన లౌడ్‌స్పీకర్లు మాటనూ పాటనూ ఆ జనమంతటికీ వినిపించాయి. అలాంటి సభలో స్పీకరు ఆగిపోతే మరుక్షణమే తెలిసిపోతుంది. స్టేషన్లలో, ఆసుపత్రుల్లో పైకప్పుకు బిగించే అత్యవసర స్పీకరు అలా కాదు. అది నెలల తరబడి మౌనంగా ఉంటుంది. తీగ తెగినా మౌనమే. ఈ రెండు మౌనాల తేడా కనిపెట్టడానికి వచ్చిందే లైన్ మానిటరింగ్.

1987లో లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్ అగ్నిప్రమాదం 31 మందిని బలిగొంది. తర్వాత కొద్ది కాలానికే జొనాథన్ సైమ్, గీలెన్ ప్రూ న్యూకాసిల్ మెట్రో స్టేషన్‌లో ప్రయోగాలు చేశారు. గంట మాత్రమే మోగితే ప్రయాణికులు పెద్దగా కదల్లేదు. ఏం జరిగిందో, ఎటు వెళ్లాలో మైకులో చెబితే త్వరగా బయటపడ్డారు. ప్రాణం కాపాడేది మాటే అయినప్పుడు, ఆ మాటను మోసే తీగ మీద నిఘా తప్పదు.

పెద్ద భవనాల్లో సాధారణంగా వాడేది 100 వోల్టుల లైను. దాని మీద 10 వాట్ల స్పీకరు 1,000 ఓముల ఇంపెడెన్స్ చూపిస్తుంది. పది స్పీకర్లు సమాంతరంగా కలిపితే 100 ఓములు. ఒకటి ఊడిపోతే 111, మధ్యలో తీగ తెగి అయిదు పోతే 200, రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే దాదాపు సున్నా. చెవికి అందని 20 కిలోహెర్ట్జ్ దగ్గరి సన్నని స్వరాన్ని లైన్లోకి పంపి, ఎంత కరెంటు పారుతోందో కొలిస్తే ఇలాంటి మార్పు బయటపడుతుంది.

అయితే 50 స్పీకర్లలో ఒకటి పోతే వచ్చే మార్పు 2 శాతమే. వేడికి రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం మారుతుంది. అంత చిన్న తేడాను నమ్మలేం. అందుకే లైను చివర ఒక చిన్న పరికరం అమరుస్తారు. స్వరం తనదాకా చేరినంతసేపూ అది క్షేమమని తెలుపుతుంది. ఎక్కడ తెగినా ఆ సమాచారం ఆగిపోతుంది. పక్కకు చీల్చిన శాఖ మాత్రం దాని కంట పడదు. కాబట్టి తీగను స్పీకరు నుంచి స్పీకరుకు వరసగానే లాగాలి.

లోపాన్ని 100 సెకన్లలోపు చూపాలని ఐరోపా ప్రమాణం ఈఎన్ 54-16 నిర్దేశిస్తోంది. మీ భవనంలో ఈ ఏర్పాటు ఉంటే, తనిఖీ రోజున చివరి స్పీకరు తీగ విప్పించి, లోపం దీపం వెలిగేదాకా దగ్గరుండి చూడండి. వెలగకపోతే సంతకం పెట్టకండి.