వార్తల్లో పదం: వయబిలిటీ గ్యాప్ ఫండింగ్

బస్తర్ పల్లెల బస్సుల వార్తల్లో ఈ మాట తరచూ కనిపిస్తోంది. జనానికి అవసరమే అయినా, వచ్చే రాబడితో ఖర్చులు గిట్టని పనికి ఆ లోటు మేరకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఇది. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు.

బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఆర్టీసీ లేదు, బస్సులు ప్రైవేటువారివే. టికెట్ల డబ్బు డీజిల్‌కే చాలని అడవి దారిలో ఎవరు నడుపుతారు? అందుకే 2025 అక్టోబరు 4న బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో మొదలైన ముఖ్యమంత్రి గ్రామీణ బస్ యోజన ఈ పద్ధతి ఎంచుకుంది. బస్సు ఆపరేటరుది. ప్రభుత్వం కిలోమీటరుకు మొదటి ఏడాది రూ.26, రెండో ఏడాది రూ.24, మూడో ఏడాది రూ.22 ఇస్తుంది. ఏటా తగ్గుతున్న ఈ మొత్తాన్ని గమనించాలి. జనం బస్సుకు అలవాటుపడేకొద్దీ రాబడి పెరగాలి, లేదంటే మళ్లీ లోటే.

కేంద్రం 2023లో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవలోనూ సాయం కిలోమీటరు లెక్కనే. కాకపోతే అది ప్రధానంగా 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు. 2011 లెక్కల్లో జగదల్‌పూర్ జనాభా సుమారు 1.25 లక్షలే.

మనకూ ఈ గ్రాంటు కొత్త కాదు. హైదరాబాద్ మెట్రోకు కేంద్రం మంజూరు చేసిన రూ.1,458 కోట్లు ఈ కోవలోవే. అయితే అది నిర్మాణానికి ఇచ్చిన సొమ్ము. బస్తర్‌లోది తిరిగిన దూరానికి ఇచ్చేది. సంతకో ఆస్పత్రికో వెళ్లాల్సిన పల్లెవాసికి ఈ తేడా చాలా పెద్దది. బస్సు కొన్నంత మాత్రాన ఆపరేటరుకు ఈ డబ్బు రాదు, రోడ్డెక్కి తిరగాలి. కాబట్టి తిరిగిన కిలోమీటర్లను ఎవరు, ఎంత కచ్చితంగా లెక్కిస్తారన్నదే అసలు ప్రశ్న.